ప్రేగుల వ్యాధి, మూత్రపిండాలు, స్వయంప్రతిరక్షకాలు

లండన్ నగరంలో గైస్ ఆసుపత్రి అనే పాత వైద్యశాల ఒకటి ఉన్నది. అక్కడ పనిచేసిన రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు, ఒళ్ళు నీరుపట్టి వాచిన రోగుల మూత్రాన్ని ఒక చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాచి చూసేవాడు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లే కొందరి మూత్రం తెల్లగా గడ్డకట్టేది. అటువంటివారు మరణించిన తరువాత శవపరీక్ష చేస్తే మూత్రపిండాలు చెడిపోయి కనిపించేవి. ఒంటి వాపు, మూత్రంలో మాంసకృత్తు, మూత్రపిండాల చెడుగు, ఈ మూడింటికీ గల సంబంధాన్ని ఆయన 1827లో ప్రకటించాడు. అదే ఆసుపత్రికి చెందిన శామ్యూల్ విల్క్స్ 1859లో, ప్రేగులు పుండ్లు పడి మరణించిన ఒక స్త్రీ శరీరాన్ని పరీక్షించి ఆ వివరాలు వ్రాశాడు. ఊళ్ళ మీద పడి పోయే రక్తవిరేచనాల జాడ్యం వేరు, పెద్దప్రేగు తనంతట తాను పుండ్లుపడే ఈ వ్యాధి వేరు అని గుర్తించిన తొలివారిలో ఆయన ఒకడు.

ఒకే ఆసుపత్రిలో మొదలైన ఈ రెండు కథలూ దాదాపు వంద ఏండ్లు ఎవరి దారిన అవి నడిచాయి. మూత్రపిండాల వైద్యులు మూత్రాన్ని పరీక్షించారు, ప్రేగుల వైద్యులు మలాన్ని పరీక్షించారు. ఈ రెండు దారులూ కలుసుకొన్నది రక్తంలో. ఇంకా సరిగా చెప్పాలంటే, రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలనే పదార్థాలలో. ఆ కలయికలో ఎంత నిజమైన బంధుత్వం ఉన్నది, ఎంత వట్టి పేరు పోలిక ఉన్నది అన్న ప్రశ్న ఇప్పటికీ రోగి మంచం పక్కన నిలబడిన వైద్యుణ్ణి వేధిస్తూనే ఉన్నది.

ప్రతిరక్షకం అంటే ఏమిటో ఉన్నత పాఠశాల విద్యార్థులకు కొంత తెలిసియే ఉంటుంది. 1890లో బెర్లిన్ నగరంలో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు ధనుర్వాతపు విషాన్ని జంతువులకు మెల్లమెల్లగా అలవాటు చేశారు. ఆ జంతువు విషానికి లొంగకపోవటమే కాక, దాని సీరం, అనగా గడ్డకట్టిన రక్తం మీద తేరే పసుపుపచ్చని తేట, మరొక జంతువుకు ఎక్కిస్తే ఆ రెండవ జంతువు కూడ బ్రతికింది. రక్షణ ఆ తేటలోనే ఉన్నదన్న మాట. పాముకాటుకు నేటికీ మన ఆసుపత్రులలో ఇచ్చే మందు, గుర్రాలకు పామువిషం కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుండి తీసి శుద్ధిచేసినదే. ఈ రక్షక పదార్థాలు మాంసకృత్తులు. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే పట్టుకొంటుంది. తాళానికి తాళపుచెవి సరిపోయినట్లు అని పాఠ్యపుస్తకాలు అంటాయి. పోలిక మంచిదే. కాని ఒకే తాళపుచెవి అప్పుడప్పుడు పొరుగింటి తాళాన్ని కూడ తీస్తుందన్న సంగతిని పాఠ్యపుస్తకాలు చెప్పవు. మన కథకు ఆ సంగతి ముఖ్యం.

క్రిములకూ విషాలకూ మాత్రమే ప్రతిరక్షకాలు పుడతాయని మొదట అనుకొన్నారు. 1898లో పారిస్ లోని పాస్టర్ సంస్థలో జూల్ బోర్డె ఒక జాతి జంతువు రక్తాన్ని మరొక జాతి జంతువుకు ఎక్కిస్తే, ఆ పరాయి ఎర్రకణాలను పగులగొట్టే ప్రతిరక్షకాలు తయారవుతాయని చూపాడు. క్రిమి కానక్కరలేదు, పరాయిదైతే చాలు. అయితే తన సొంత కణాలకు విరుద్ధంగా శరీరం ఈ ఆయుధాలను తయారు చేయగలదా? జర్మనీలో పాల్ ఎర్లిఖ్, మోర్గెన్‌రాత్ కలిసి మేకల మీద ఈ ప్రశ్నను పరీక్షించారు. ఒక మేక రక్తం మరొక మేకకు ఎక్కిస్తే ప్రతిరక్షకాలు పుట్టాయి. అవి తక్కిన మేకల ఎర్రకణాలను పగులగొట్టాయే కాని, వాటిని పుట్టించిన మేక సొంత కణాల జోలికి పోలేదు. తనను తాను విషపూరితం చేసుకొనటానికి దేహం వెరుస్తుందని ఎర్లిఖ్ భావించి, ఆ వెరపుకు 'హారర్ ఆటోటాక్సికస్' అని లాటిన్ పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న న్యాయం ఎర్లిఖ్ కు చేయవలసి ఉన్నది. ఇటువంటి ప్రతిరక్షకాలు హాని చేయకుండ శరీరంలో ఏవో ఏర్పాట్లు ఉండి తీరాలని ఆయన చెప్పిన మాట. తరువాతి తరం దానిని 'అటువంటివి పుట్టనే పుట్టవు' అన్న శాసనంగా మార్చుకొన్నది. గురువు అనుమానంగా చెప్పినదాన్ని శిష్యులు నిశ్చయంగా వల్లించటం విజ్ఞానశాస్త్రంలోనూ ఉన్నది.

ఆ శాసనానికి ఎదురు సాక్ష్యాలు అప్పుడే వచ్చాయి. 1900లో లిండెమన్ అనే పరిశోధకుడు కుందేలు మూత్రపిండాన్ని నూరి గినీపందులకు ఎక్కించి, ఆ గినీపందుల సీరాన్ని తిరిగి కుందేళ్ళకు ఎక్కిస్తే వాటి మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో మాంసకృత్తు పడినది. ఇది పరాయి జంతువు చేసిన ప్రతిరక్షకమే, నిజమే. కాని ప్రతిరక్షకం మూత్రపిండాన్ని చెరచగలదని మొదటిసారి రుజువైనది. 1904లో వియన్నా నగరంలో డోనాత్, లాండ్‌స్టైనర్ మరి ఒక అడుగు ముందుకు వేశారు. కొందరికి చలిలో తిరిగి వస్తే మూత్రం ఎర్రగా అవుతుంది. మూత్రం ఎర్రగా వస్తే దోషం మూత్రపిండాలదే అని ఎవరైనా అనుకొంటారు. వీరు రోగి సీరాన్ని ఎర్రకణాలతో కలిపి మొదట చల్లబరచి, తరువాత ఒంటి వేడికి తెచ్చారు. కణాలు పగిలిపోయాయి. చలిలో ఒక ప్రతిరక్షకం కణానికి అంటుకొంటుంది, వెచ్చబడగానే సీరంలోని మరికొన్ని మాంసకృత్తులు వచ్చి కణాన్ని పగులగొడతాయి. ఆ ఎరుపే మూత్రంలో దిగుతుంది. రోగి రక్తాన్ని రోగి ప్రతిరక్షకమే నాశనం చేస్తున్నది. స్వయంప్రతిరక్షకం అనదగిన పదార్థం ఒక వ్యాధికి కారణమని తేలిన తొలి సందర్భం ఇది. అయినా ఎర్లిఖ్ పేరు ప్రభావం వలన దీనిని ఏదో అపవాదంగా చూసి, దాదాపు అర్ధ శతాబ్దం పాటు పక్కన పెట్టారు.

ఇక మూత్రపిండం సంగతి. ప్రతి మూత్రపిండంలోనూ సుమారు 10 లక్షల వడపోత ఘటకాలున్నాయి. ఒక్కొక్క దాని మొదట్లో సన్నని రక్తకేశనాళికలు దారపు ఉండవలె చుట్టుకొని ఉంటాయి. దీనినే కేశనాళికా గుచ్ఛం అంటారు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు ఈ గుచ్ఛాల గుండానే పోతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వీటిలో వడియగట్టబడి, ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది. ఈ వడపోతకు గుడ్డ వంటిది ఆధారత్వచం అనే పలుచని పొర. ఇంత రక్తం, ఇంత ఒత్తిడితో, ఇంత సన్నని గుడ్డ గుండా పోతున్నప్పుడు, రక్తంలో తేలే నలుసు ఏదైనా మొదట చిక్కుకొనేది ఇక్కడే. ప్రతిరక్షకాల వలన కలిగే అనర్థాలలో మూత్రపిండానికి ఇంత పెద్ద పాలు రావటానికి ఇది ముఖ్యకారణం.

1930 దశకంలో జపాన్ శాస్త్రజ్ఞుడు మసుగి, లిండెమన్ ప్రయోగాన్ని మరింత శ్రద్ధగా చేసి, ఎలుకలలోనూ కుందేళ్ళలోనూ మనుష్యుల మూత్రపిండ వ్యాధిని పోలిన వ్యాధిని పుట్టించాడు. అంతకు ముందే 1919లో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రోజులలో, అమెరికాలో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ అనే వైద్యుడు 18 ఏండ్ల యువకుని శవాన్ని పరీక్షించాడు. ఊపిరితిత్తులలో రక్తస్రావం, దానితో పాటు మూత్రపిండాల గుచ్ఛాలలో విధ్వంసం. ఇన్‌ఫ్లుయెంజా వలననే ఇది జరిగి ఉంటుందని అప్పటికి అనుకొన్నారు. 1958లో ఆస్ట్రేలియాలో స్టాంటన్, టాంజ్ ఇటువంటివే మరికొన్ని చూసి ఆ జబ్బుకు గుడ్‌పాశ్చర్ పేరు పెట్టారు. కారణం మాత్రం తెలియలేదు.

తెలియజేసిన సాధనం ఒక దీపం. హార్వర్డ్ లో ఆల్బర్ట్ కూన్స్ 1940 దశకం మొదట్లో ప్రతిరక్షకానికి మెరిసే రంగును తగిలించే ఉపాయం కనుగొన్నాడు. రంగు తగిలించిన ప్రతిరక్షకాన్ని కణజాలపు ముక్క మీద పోసి అతినీలలోహిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే, అది ఎక్కడ అంటుకొన్నదో అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ పద్ధతితో మూత్రపిండాల ముక్కలను పరీక్షించగా రెండు రకాల మెరుపులు కనిపించాయి. కొందరిలో వడపోత పొర పొడవునా ముగ్గుగీత గీసినట్లు నున్నని రేఖ. మరికొందరిలో ముగ్గుపిండి చల్లినట్లు చుక్కలు చుక్కలు. రేఖ కనిపిస్తే ప్రతిరక్షకం నేరుగా ఆ పొరనే పట్టుకొన్నదని అర్థం. చుక్కలైతే, చాలాసార్లు, మరెక్కడనో పుట్టిన ముద్దలు రక్తంతో వచ్చి చిక్కుకొన్నాయని అర్థం. గుడ్‌పాశ్చర్ జబ్బులో కనిపించినది రేఖ.

కాని మెరుపు కనిపించినంత మాత్రాన కారణం తెలిసినట్లా? గడ్డివామి తగలబడినచోట కనిపించినవాడల్లా నిప్పు పెట్టినవాడు కాడు. వాడు నీళ్ళబిందెతో వచ్చినవాడు కావచ్చు, మంట చూడటానికి వచ్చినవాడు కావచ్చు. ఈ భేదాన్ని గట్టిగా పట్టుకొన్నవాడు అమెరికాలోని బఫెలో నగరంలో పనిచేసిన ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ. ఆయన ఎర్లిఖ్ శిష్యునికి శిష్యుడు, గురువు మాట మీద గురి ఉన్నవాడు. 1950 దశకంలో ఆయన వద్ద పనిచేసిన నోయెల్ రోజ్ కుందేళ్ళకు వాటి థైరాయిడ్ గ్రంథి సారాన్నే ఎక్కించగా, అవి తమ గ్రంథికే ప్రతిరక్షకాలు తయారు చేసికొని దానిని పాడుచేసికొన్నాయి. అదే రోజులలో లండన్ లో రాయిట్, డోనియాక్ మొదలైనవారు హషిమోటో వ్యాధి గల మనుష్యుల రక్తంలో అటువంటి ప్రతిరక్షకాలనే కనుగొన్నారు. ప్రయోగ ఫలితం గురువు మాటకు ఎదురుగా నిలిచినప్పుడు విటెబ్‌స్కీ ఫలితం వైపే నిలిచాడు. అయితే ప్రతి వ్యాధికీ స్వయంప్రతిరక్షకాలే కారణమని ఎవరుపడితే వారు చెప్పకుండ 1957లో కొన్ని నిబంధనలు పెట్టాడు: ప్రతిరక్షకాన్ని చూపాలి, అది పట్టే పదార్థమేదో తేల్చాలి, ఆ పదార్థంతో జంతువులో ప్రతిరక్షకాన్ని పుట్టించాలి, దానితో పాటు అదే వ్యాధి రావాలి.

మూత్రపిండం ఈ పరీక్షలలో నెగ్గినది. 1959లో క్లీవ్‌లండ్ లో హైమన్ ఎలుకలకు మూత్రపిండపు సారాన్ని ఎక్కించి, మూత్రంలో మాంసకృత్తు విపరీతంగా పోయే వ్యాధిని కలిగించాడు. 1962లో స్టెబ్లే మనుష్యుల వడపోత పొరను గొర్రెలకు ఎక్కించగా వాటి మూత్రపిండాలు చెడిపోయాయి. 1967లో కాలిఫోర్నియాలో లెర్నర్, గ్లాసాక్, డిక్సన్ గుడ్‌పాశ్చర్ రోగుల మూత్రపిండాల నుండి ప్రతిరక్షకాలను కడిగి తీసి కోతులకు ఎక్కించారు. కోతులకు అదే వ్యాధి వచ్చినది. ఇంతకంటె స్పష్టమైన రుజువు మనుష్య వైద్యంలో అరుదు. హైమన్ ఎలుకల వ్యాధికి సాటియైన మనుష్య వ్యాధిలో ప్రతిరక్షకం దేనిని పట్టుకొంటుందో తేలటానికి మాత్రం యాభై ఏండ్లు పట్టినది. బోస్టన్ లో బెక్, సాలంట్ ల బృందం 2009లో పరీక్షించిన 37 మంది రోగులలో 26 మంది రక్తంలో దానిని పట్టుకొన్నది.

ప్రేగుల దారిలో నడక ఇంత సాఫీగా సాగలేదు.

1932లో న్యూయార్క్ లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగులను వర్ణించారు. వీరిలో చెడినది చిన్నప్రేగు చివరి భాగం. దానికి క్రోన్ వ్యాధి అని పేరు నిలిచినది. విల్క్స్ నాటి పెద్దప్రేగు పుండ్ల వ్యాధి, అనగా అల్సరేటివ్ కొలైటిస్, ఈ క్రోన్ వ్యాధి, రెండూ కలిపి ఈనాడు ప్రేగుల శోథవ్యాధులని పిలుస్తారు. వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలిసిన స్థితి శోథ. క్రిమి ఏదీ దొరకలేదు. రోగులు యౌవనంలో ఉన్నవారు. వ్యాధి తగ్గినట్లే తగ్గి తిరగబెడుతుంది. కీళ్ళు, కండ్లు, చర్మం కూడ బాధపడతాయి. ఇటువంటి వ్యాధిని చూస్తే 1950 దశకం చివర ఎవరికైనా స్వయంప్రతిరక్షకాల తలపు రాక తప్పదు.

1959లో స్వీడన్ లో బ్రోబెర్గర్, పెర్ల్‌మన్ ఆ తలపును పరీక్షించారు. అల్సరేటివ్ కొలైటిస్ తో బాధపడే పిల్లల సీరంలో పెద్దప్రేగు కణజాలాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాలు ఉన్నాయి. వార్త సంచలనం కలిగించినది. హషిమోటో వలెనే ఇదీ తేలిపోయిందని అనుకొన్నవారున్నారు. వీరిద్దరూ మాత్రం అక్కడితో ఆగలేదు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో అత్యంత నిజాయితీ గల పుట వారు 1963లో వ్రాసినది. పెద్దప్రేగు కణాలను గాజుపాత్రలో పెంచి, వాటి మీద రోగుల సీరం పోశారు. ప్రతిరక్షకాలు కణాలకు అంటుకొన్నాయి. కణాలు మాత్రం చావలేదు. సీరానికి బదులు రోగుల తెల్లకణాలను వేసినప్పుడు కణాలు చచ్చాయి. అనగా తాము కనుగొన్న ప్రతిరక్షకం ఆ కణాలను చంపలేదని వారే చూపారు.

మరి ఆ ప్రతిరక్షకం ఎందుకున్నది? పెర్ల్‌మన్ బృందమే 1960 దశకంలో ఒక దారి చూపినది. మన ప్రేగులలో సహజంగా ఉండే ఇ. కోలై బాక్టీరియాలలో ఒక రకం మీది పదార్థానికీ, పెద్దప్రేగులోని ఒక పదార్థానికీ పోలిక ఉన్నది. గోడ పుండుపడినప్పుడు బాక్టీరియాలు లోనికి చొరబడతాయి, వాటి కొరకు పుట్టిన ప్రతిరక్షకం ప్రేగును కూడ పట్టుకొంటుంది. తాళపుచెవి పొరుగింటి తాళానికి పట్టటమంటే ఇదే. ఇంకొక ఉదాహరణ ఉన్నది. 1988లో క్రోన్ రోగుల రక్తంలో రొట్టెలు పొంగించే ఈస్టుకు ప్రతిరక్షకాలు హెచ్చుగా ఉన్నాయని గమనించారు. ఇవి స్వయంప్రతిరక్షకాలు కూడ కావు. ప్రేగు గోడ వదులైపోయిందనటానికి గుర్తుగా భావించవచ్చు. మన దేశంలో క్రోన్ వ్యాధినీ ప్రేగుల క్షయనూ విడదీయటం పెద్ద చిక్కు. ఒకదాని మందు మరొకదానికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఈస్టు ప్రతిరక్షకం ఆ చిక్కు విప్పుతుందేమోనని ఆశపడ్డారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో పరీక్షించి, రెండు వ్యాధులలోనూ అది కనిపిస్తున్నది కనుక వాటిని విడదీయటానికి పనికిరాదని ప్రకటించారు.

ఇప్పుడు రెండు దారులూ కలిసే చోటికి వచ్చాం. 1982లో ఆస్ట్రేలియాలో డేవీస్, ఆయన సహచరులు గుచ్ఛాలు తీవ్రంగా చెడిన 8 మంది రోగుల సీరంలో, తటస్థకణాలనే తెల్లకణాల లోపలి పదార్థాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాలను చూశారు. దోమల వలన వ్యాపించే ఒక వైరస్ ఇందుకు కారణమేమోనని అనుకొన్నారు. ఆ పరిశీలన అప్పట్లో పెద్దగా పట్టించుకోబడలేదు. 1985లో హాలండు, డెన్మార్క్ పరిశోధకులు ఇవే ప్రతిరక్షకాలను సన్నని రక్తనాళాలు శోథకు లోనయ్యే ఒక వ్యాధిలో చూపిన తరువాత ప్రపంచం తలయెత్తి చూసినది. వీటి పొడుగాటి ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు కూర్చి 'ఆంకా' అంటారు. ఆల్కహాలులో నిలిపిన తటస్థకణాల మీద రోగి సీరం పోసి, మెరిసే రంగుతో చూస్తారు. కొందరిలో కణద్రవ్యం అంతటా మెరుస్తుంది, కొందరిలో కేంద్రకం చుట్టూ వలయంగా మెరుస్తుంది. 1988లో అమెరికాలో ఫాక్, జెనెట్ ఈ వలయానికి కారణమైన పదార్థం మయెలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ అని తేల్చారు. తమాషా ఏమిటంటే, బ్రతికిన కణంలో ఈ ఎంజైమ్ కేంద్రకం చుట్టూ ఉండనే ఉండదు. ఆల్కహాలు పోసినందువలన అది పోయి అక్కడ అంటుకొంటుంది. వలయం మనం కల్పించినది. ఇక 2002లో జెనెట్ బృందం, ఈ ఎంజైమ్ కు పుట్టించిన ప్రతిరక్షకాలను ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకలకు ఎక్కించి, వాటి మూత్రపిండాలలో అదే వ్యాధిని పుట్టించినది. విటెబ్‌స్కీ కోరిన సాక్ష్యం దొరికినట్లే.

ఈ మధ్యలో, 1990లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు మరొక సంగతి ప్రకటించారు. మూత్రపిండ వ్యాధి ఏమీ లేని అల్సరేటివ్ కొలైటిస్ రోగుల సీరం కూడ తటస్థకణాల మీద వలయం చూపుతున్నది! ఇటువంటివారు ఆ రోగులలో సగానికి మించి ఉంటారని తరువాతి పరిశీలనలలో తరచు తేలినది. క్రోన్ రోగులలో బాగా తక్కువ. మరి వీరందరి మూత్రపిండాలూ చెడిపోవాలి కదా? చెడిపోవు. ఎందుకంటే వీరిలో చాలామంది ప్రతిరక్షకం పట్టేది మయెలోపెరాక్సిడేజ్ ను కాదు. కేంద్రకం అంచున ఉండే వేరే పదార్థాలను. సూక్ష్మదర్శినిలో వలయం వలయంవలెనే కనిపిస్తుంది. పేరూ ఒకటే. మనుషులలో ఒకే పేరు గల ఇద్దరిని ఒకరనుకొంటే ఉత్తరం తప్పుడు ఇంటికి పోతుంది, అంతే. ఇక్కడ పొరబడితే జరిగే నష్టం వేరు.

ఒక రోగిని ఊహించండి. అల్సరేటివ్ కొలైటిస్ వచ్చి అయిదారేండ్లయినది. మెసలజీన్ అనే మందు వాడుతున్నాడు. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్నట్లు పరీక్షలో తెలిసినది, అనగా మూత్రపిండాల పని తగ్గుతున్నది. ఆంకా పరీక్ష చేస్తే 'ఉన్నది' అని వచ్చినది. దీనిని రక్తనాళాల శోథ అనుకొంటే, రోగనిరోధక శక్తిని అణచే చాలా ఉగ్రమైన మందులు మొదలుపెట్టాలి. కాని ఆ ఆంకా ప్రేగు వ్యాధికి తోడుగా ఎప్పటినుండో ఉన్నది కావచ్చు, మూత్రపిండాన్ని చెరుస్తున్నది మెసలజీనే కావచ్చు. అప్పుడు చేయవలసినది ఆ మందు ఆపటం. తారుమారుగా, నిజంగానే రక్తనాళాల శోథ వచ్చినదాన్ని 'ఇది ప్రేగు వాళ్ళలో మామూలే' అని తోసివేస్తే కొన్ని వారాలలో మూత్రపిండాలు పోతాయి. అటువంటి రోగులు తక్కువే కాని లేకపోలేదు. అందుచేత వలయంతో తృప్తిపడక ప్రతిరక్షకం ఏ పదార్థాన్ని పట్టుకొంటున్నదో వేరుగా పరీక్షిస్తారు. మూత్రంలో ఎర్రకణాలు, మాంసకృత్తు ఉన్నాయేమో చూస్తారు. అవసరమైతే సూదితో మూత్రపిండపు చిన్న ముక్క తీసి చూస్తారు.

ఆ ముక్కలు ఏమి చెప్పాయి? అమెరికాలో 83 మంది ప్రేగు శోథ రోగుల మూత్రపిండపు ముక్కల పరిశీలన 2014లో వెలువడినది. వారిలో 24 శాతం మందిలో ఐజిఎ మూత్రపిండ వ్యాధి, 19 శాతం మందిలో నాళికల మధ్య కణజాలపు శోథ కనిపించాయి. పరీక్షకు ముక్క తీయించుకొన్నవారి లెక్క ఇది. ప్రేగు రోగులందరి లెక్కగా తీసికొనరాదు.

ఈ రెండింటిలో రెండవదాని కథ తేలిక. స్వీడన్ లో నానా స్వార్జ్ ప్రవేశపెట్టిన సల్ఫాసలజీన్ అనే మందు పెద్దప్రేగులో రెండు ముక్కలుగా విడిపోతుంది. వానిలో పనిచేసే ముక్క ఏదో 1977లో ఆక్స్‌ఫర్డ్ లో ఆజాద్ ఖాన్, పిరిస్, ట్రూలవ్ తేల్చారు. ఈ ఆజాద్ ఖాన్ మన పొరుగుదేశమైన బంగ్లాదేశ్ కు చెందిన వైద్యుడు. ఆ ముక్కే మెసలజీన్. లక్షలాదిమందికి మేలు చేస్తున్న మందు ఇది. ఏ కొద్దిమందికో మాత్రం మూత్రపిండాలలో శోథ కలిగిస్తుంది. ప్రేగు శోథ వలన కూడ ఇటువంటిది కలుగుతుందని అంటారు కనుక నింద అంతా మందు మీద వేయలేం. మందు మొదలుపెట్టే ముందూ, తరువాత అప్పుడప్పుడూ క్రియాటినిన్ చూడాలన్న నియమం ఇందుకే.

మూడవ దారి ఒకటున్నది, దానికి ప్రతిరక్షకాలతో పని లేదు. పాలకూర, తోటకూర వంటివానిలో ఉండే ఆక్సలేటును మామూలుగా ప్రేగులోని కాల్షియం పట్టుకొని మలంతో పంపివేస్తుంది. క్రోన్ వ్యాధిలో చిన్నప్రేగు చివర చెడి, లేదా కోసివేయబడి, క్రొవ్వు జీర్ణం కాక మిగిలితే, కాల్షియం ఆ క్రొవ్వుకు అంటుకొంటుంది. ఒంటరిగా మిగిలిన ఆక్సలేటు పెద్దప్రేగు నుండి రక్తంలోకి, అక్కడినుండి మూత్రపిండంలోకి పోయి రాళ్ళుగా ఏర్పడుతుంది. ఏండ్ల తరబడి అణగని శోథ వలన అమిలాయిడ్ అనే మాంసకృత్తు గుచ్ఛాలలో పేరుకొనటం మరొక దారి, ఇది ఈనాడు తక్కువ.

ఐజిఎ వ్యాధి దగ్గర మాత్రం ప్రేగుకూ మూత్రపిండానికీ నిజమైన బంధుత్వం కనిపిస్తుంది. 1968లో పారిస్ లో జాన్ బెర్జే, ఇంగ్లే ఆ దీపంతోనే చూసి, కొందరి గుచ్ఛాలలో ఐజిఎ అనే తరగతి ప్రతిరక్షకాలు చుక్కలు చుక్కలుగా పేరుకొని ఉన్నాయని ప్రకటించారు. ఐజిఎ అంటే ప్రేగుల, శ్వాసమార్గాల లోపలి పొరలకు కావలికాసే ప్రతిరక్షకం. మన శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలలో పరిమాణంలో పెద్దపాలు ఇదే, దాన్ని ఎక్కువగా తయారుచేసే చోటు ప్రేగు గోడ. ఈ రోగులలో ఐజిఎ అణువు మీద ఉండవలసిన గాలక్టోజ్ చక్కెర కొంత లోపిస్తుంది. ఆ లోపం గల ఐజిఎను శరీరం పరాయిదిగా భావించి దానికి మరొక ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. కావలివాని మీదికే మరొక కావలివాడు! రెండూ పెనవేసుకొన్న ముద్దలు వడపోత గుచ్ఛాలలో చిక్కుకొంటాయి. 2014లోనే వెలువడిన జన్యు పరిశీలనలో, ఐజిఎ వ్యాధికి లోనుచేసే జన్యుస్థానాలు కొన్ని ప్రేగు శోథకు సంబంధించినవేనని తేలినది. ప్రేగు శోథ అణగినప్పుడు కొందరి మూత్రం కూడ బాగుపడటం వైద్యులు చూసినదే.

పెద్దప్రేగు కణాలకు బ్రోబెర్గర్, పెర్ల్‌మన్ వెదకిన హంతకుడు దొరికాడా? 2021లో జపాన్ లోని క్యోటో శాస్త్రజ్ఞులు అల్సరేటివ్ కొలైటిస్ రోగులలో అత్యధికుల రక్తంలో, ప్రేగు లోపలి పొర కణాలను అంటిపెట్టుకొని ఉండేందుకు తోడ్పడే ఇంటెగ్రిన్ అనే మాంసకృత్తుకు స్వయంప్రతిరక్షకాన్ని కనుగొన్నారు. వ్యాధి బయటపడటానికి కొన్ని ఏండ్ల ముందే అది రక్తంలో ఉంటుందని 2023లో మరొక పరిశీలన చెప్పినది. ముందుగా రావటం అనుమానాన్ని పెంచుతుందే కాని నేరాన్ని రుజువు చేయదు. కోతుల ప్రయోగం వంటిది, చిట్టెలుకల ప్రయోగం వంటిది ఇంకా జరగవలసి ఉన్నది.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చెప్పేటప్పుడు ఒక సంగతి మరువకుండ చెప్పాలి. మూత్రపిండం నొప్పి చెప్పదు. చాలాభాగం పని పోయేవరకు మనిషి మామూలుగానే తిరుగుతాడు, క్రియాటినిన్ కూడ ఆలస్యంగానే పెరుగుతుంది. మూత్రంలో మాంసకృత్తు మాత్రం ముందే కనిపించవచ్చు. బ్రైట్ కు చెంచా, కొవ్వొత్తి కావలసి వచ్చాయి. నేడు కొద్ది రూపాయల కాగితపు పట్టీ మూత్రంలో ముంచి ఒకటి రెండు నిమిషాలలో రంగు చూడవచ్చు. ప్రేగు శోథ రోగులకు ఈ పరీక్ష జబ్బు ముదిరినప్పుడు కాక, బాగున్నామనుకొన్న రోజులలోనే జరగాలి.

ఐజిఎ వ్యాధికి వచ్చిన ఒక కొత్త మందుతో ఈ రెండు దారులూ మరొకసారి కలిశాయి. బుడెసోనైడ్ అనే స్టిరాయిడ్ క్రోన్ వ్యాధికి అంతకు ముందునుండీ వాడుకలో ఉన్నదే. కడుపులో కరగకుండ, చిన్నప్రేగు చివరికి చేరిన తరువాతే విడుదలయ్యేటట్లు దాన్ని గొట్టపు మాత్రలో పెట్టి, ఐజిఎ మూత్రపిండ వ్యాధి కొరకు 2021 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించినది. లోపం గల ఐజిఎ పుట్టేచోటుగా భావింపబడే రోగనిరోధక కణాల గుంపులు అక్కడ, చిన్నప్రేగు చివర, దట్టంగా ఉన్నాయి. 1932లో క్రోన్, ఆయన సహచరులు తమ 14 మంది రోగులలో చెడినదిగా చూపిన ప్రేగు భాగం అదే. ఇప్పుడు మూత్రపిండ రోగికి మందు వేస్తున్నది అక్కడే.